పేరిందేవమ్మ నోరు పూసిన ఏడు

అనగనగా ఒక ఊళ్ళో, ఇదిగో బంగారూ, నోటిపూతకిచ్చిన ఆ జాజాకు బుగ్గన పెట్టుకున్నావా? ఉమ్మేశావంటే కథ ఆపేస్తాను! ఆ ఊళ్ళో ఒక వీధిలో పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేది.

ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూస్తాం కదా? ఆ వీధిలో అందరి జాడీలకీ ఉప్పు చూసేది ఈవిడే. ఉప్పు తగ్గితే బూజు, ఎక్కువైతే ఏడాదంతా ఏడుపు. మరి ఆవిడేమో ఏ జాడీ చూసినా "ఇంకో గుప్పెడు వెయ్యండి" అనేది. పక్కింటి అచ్చాయమ్మని చూస్తే మరీను. "నీ కూరలో ఉప్పుని దీపం పెట్టి వెతకాలే!" అని వీధి వీధంతా వినేట్టు వేళాకోళం చేసేది.

ఒక ఏడు మామిడికాయల పులుపు చూస్తానని సంతలో ప్రతి బుట్టలోనూ ఓ కాయ కొరికింది. ఇంకేముంది? రేపు ఆవకాయ కలుపుతారనగా నోరంతా పూసేసింది! మంచినీళ్ళు తాగినా మంటే. 'అయ్యో, ఇప్పుడు జాడీలు చూసేదెవరు? నా పరువేం కాను?' అని హడలిపోయింది. కానీ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు ఉప్పునీళ్ళు పుక్కిలించింది. చిటికెడు వెయ్యాల్సిన చోట గుప్పెడు వేసింది మహాతల్లి. పెరడంతా గంతులే!

ఆ తర్వాత తేనె రాసుకుంది. హాయిగా చల్లబడింది. అంతలో ఎదురింటి కోడలు వచ్చి, "పిన్నీ, కొత్త కారం ఘాటు చూసిపెట్టవూ?" అంది. కాదంటే పరువు తక్కువాయె. నాలిక మీద వేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు ధారలే.

ఇక లాభం లేదని సాయంత్రం తలొంచుకుని అచ్చాయమ్మ గుమ్మం ఎక్కింది. నోటిపూతకి మందు జాజాకు, ఆ జాజి తీగ ఉన్నది వాళ్ళ పెరట్లోనే మరి.

అచ్చాయమ్మ ఆవిడ నోరు చూసి ఫక్కున నవ్వింది. నవ్వినా మనసు వెన్నే. గుప్పెడు లేత జాజాకులు కోసిచ్చి, "మూడు పూటలా నమిలి ఉమ్మెయ్ వదినా. మూడు రోజులు ఉప్పూ కారం ముట్టకు. అన్నం నేను పంపుతాను" అంది.

మూడు రోజులూ పెరుగన్నం, నేతి పప్పు, పచ్చికొబ్బరి ముక్క. మొదట్లో పేరిందేవమ్మకి అవి చప్పిడిగా తోచాయి. ఆ తర్వాత పప్పులో పప్పు రుచి తెలిసింది, పెరుగులో తీపి తెలిసింది. పుండ్లూ మానాయి.

మూడో రోజు సాయంత్రం జాడీలన్నీ వరసగా పెట్టారు. మొదటిది అచ్చాయమ్మది. అలవాటుగా అచ్చాయమ్మ ఉప్పు గుప్పిట పట్టుకునే నిలబడింది పాపం.

పేరిందేవమ్మ ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. వీధంతా ఊపిరి బిగబట్టింది.

"సరిపోయింది" అంది.

"ఆఁ?" అన్నారందరూ.

"సరిపోయిందంటే సరిపోయింది! ఇన్నేళ్ళూ ఉప్పు మరిగింది నా నాలికే. ఆ గుప్పిట విప్పు అచ్చాయమ్మా" అని ఆవిణ్ణి దగ్గరికి లాక్కుంది. ఆ ఏడు ఏ ఇంట్లోనూ ఆవకాయకి బూజు పట్టలేదు.

ఏదీ, నోరు తెరు. ఇక ఉమ్మెయ్, ఇంత నెయ్యి రాస్తాను.

కథేమో కంచికి, ఆవకాయ జాడీకి,
జాజాకు పుండుకి, నా బంగారు పక్కకి!