చిప్పెడు పెరుగు

ఒక రాజ్యంలో రాజుగారు పదిరోజుల పండుగ తలపెట్టారు. ఆ ఏడు వానలు బాగా కురిశాయి, పంటలు ఇళ్ళకు చేరాయి, ఆయన ఒక్కగానొక్క కూతురికి ఆరో ఏడు వచ్చింది. సంతోషానికి అంతకన్నా కారణాలు అక్కరలేదు. ఆ పదిరోజులూ ఎవరూ రోజువారీ పనులు పెట్టుకోవద్దనీ, అందరి చేతులూ పండుగకే కావాలనీ, ఊళ్ళో పాలన్నీ కోటకు తెస్తే పాయసాలూ కోవాలూ చేయించి ఊరందరికీ పంచుతామనీ చాటింపు వేయించారు.

కోట వంటశాలలో వరాలమ్మ అనే ఆమె ఉండేది. ఇరవై ఏళ్ళుగా ఆమె పని ఒక్కటే. సాయంత్రం పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక నిన్నటి పెరుగులోంచి కాస్త తీసి తోడు వేస్తుంది. పొద్దున్నే ఇరవై కుండల గడ్డపెరుగు కోటంతటికీ పంపుతుంది.

చాటింపు విన్నరోజు పెద్దవంటవాడు ఆమెను పిలిచాడు. "ఈ పదిరోజులూ పెరుగు లేదు వరాలూ. కుండలు బోర్లించేసి కొబ్బరి తురుముదువుగాని రా."

"ఒక్క ముంతలో తోడు వేసుకుంటాను అన్నా."

"ముంతెడు పెరుగు ఎవరికి చాలుతుంది?"

"తినడానికి కాదు," అంది వరాలమ్మ.

అతనికి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు. ముంతెడు పాలు పోసి వెళ్ళిపోయాడు.

పండుగ అంటే వరాలమ్మకూ ఇష్టమే. మొదటిరోజు ఏనుగును అలంకరించి ఊరేగిస్తుంటే చిన్నపిల్లలా గోడెక్కి చూసింది. తర్వాత పనిలో పడింది. కొబ్బరి తురిమింది, బెల్లం కొట్టింది, వేళ్ళు కమిలేదాకా యాలకులు ఒలిచింది. రోజురోజుకూ పాలకు కరువు వచ్చింది. ముంత కాస్తా గిన్నె అయింది. అయినా సాయంత్రం కాగానే లేచి వెళ్ళి తోడు వేసి వచ్చేది.

ఏడోరోజు దండలు కట్టే పని పడింది. ఒళ్ళో బంతిపూలు రాశిపోసుకుని కూర్చున్న మనిషి పొద్దు వాలడం చూసి లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు పెద్దవంటవాడు. "దండలు ఆలస్యమైతే రాజుగారు నన్నంటారు."

"నా పేరు చెప్పన్నా," అని లోపలికి వెళ్ళింది.

గుండిగలన్నీ వెతికితే చిప్పెడు పాలు దొరికాయి. వాటిని వెచ్చబెట్టి కొబ్బరిచిప్పలో పోసి కాసేపు నిలబడిపోయింది. నడుం లాగేస్తోంది. ఈ ఒక్కపూటా మానేస్తే ఏమవుతుంది అనుకుంది. ఇవాళ ఏమీ కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కష్టంగా ఉంది. చివరికి చెంచాతో నిన్నటి పెరుగు తీసి, చిప్పలో కలిపి, మూత పెట్టి, మళ్ళీ పూల దగ్గరికి వెళ్ళింది. మిగిలిన మూడురోజులూ అలాగే గడిపింది.

పదకొండో రోజు ఊరు నిద్రలేచేసరికి అందరికీ నోరు వెగటు, కడుపులో మంట. పాయసం మాటెత్తితేనే మొహం తిప్పుకుంటున్నారు. కాస్త పెరుగన్నం తింటే బాగుండుననుకుని ఆడవాళ్ళు కుండలు తీశారు. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. తోడు కోసం పక్కింటికి వెళితే పక్కింటామె గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. ఒకరు నిమ్మరసం పిండితే పాలు విరిగిపోయాయి. ఇంకొకరు మిరపకాయ తొడిమలు వేస్తే జిగురుగా తీగలు సాగాయి.

కోటలో రాజుగారి కూతురు రెండురోజులుగా ఏం తిన్నా కక్కేస్తోంది. కళ్ళు లోపలికి పోయాయి. వైద్యుడు నాడి చూసి, "పలచని మజ్జిగలో ఉప్పు వేసి పట్టండి. ఇంకేదీ వద్దు," అన్నాడు.

రాజుగారు తానే వంటశాలకు వచ్చారు. వరాలమ్మ చిప్ప మూత తీసి చూపింది.

"అంతా ఇవ్వు," అన్నారు రాజుగారు.

"సగం ఇస్తాను మహారాజా."

వంటశాలలో గరిటెలు ఆగిపోయాయి. రాజుగారు ఒక అడుగు ముందుకు వేశారు. "నా బిడ్డ కంటే ఎక్కువా ఆ సగం?"

"ఈ సగమూ పాపకే. రేపటికి."

ఆయన ఆ చిప్ప వైపూ ఆమె కమిలిన వేళ్ళ వైపూ చూశారు. పెద్దవంటవాడి వైపు తిరిగి, "సాయంత్రానికి పాలు సిద్ధం చెయ్యి," అన్నారు.

వరాలమ్మ సగం పెరుగు చిలికి, చెంచా చెంచాగా పాపకు పట్టింది. పాప కక్కలేదు. తండ్రి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మిగిలిన సగం ఆ సాయంత్రం ఒక కుండలో తోడుగా పడింది. తెల్లారేసరికి కుండ గట్టిగా తోడుకుంది, పాప అన్నం అడిగింది. వంటశాల గుమ్మం ముందు ఊరి ఆడవాళ్ళు గిన్నెలతో బారులు తీరారు. వరాలమ్మ తలా ఒక చెంచా వేసి పంపింది.

"నీకేం కావాలో కోరుకో," అన్నారు రాజుగారు.

"కాస్త పడుకోవాలి ప్రభూ. దండలు కట్టి కట్టి నడుం పట్టేసింది."

ఆయన నవ్వి, తన అంతఃపురంలోనే పరుపు వేయించారు. పాప వెళ్ళి ఆమె పక్కన చేరింది.

మరుసటి ఏడు పండుగ మళ్ళీ వచ్చింది. రోజువారీ పనులు మానమన్న మాట ఈసారి చాటింపులో లేదు. పొరుగుదేశపు రాజు అతిథిగా వచ్చాడు. మూడోరోజు సాయంత్రం ఊరేగింపు నడివీధికి చేరేసరికి ఉన్నట్టుండి డప్పులు ఆగాయి. డప్పులవాళ్ళు వాటిని గోడకు ఆనించి ఇళ్ళల్లోకి వెళ్ళారు. జనం పలచబడ్డారు. పక్కకు చూస్తే రాజుగారి ఆసనమూ ఖాళీగా ఉంది. ఏనుగు ఒక్కటే నగలన్నీ పెట్టుకుని చెవులు ఊపుకుంటూ నిలబడి ఉంది.

"ఏమైంది? పండుగ ఆగిపోయిందా?" అని అతిథి మావటివాణ్ణి అడిగాడు.

మావటివాడు అప్పటికే ఏనుగు దిగుతున్నాడు.

"లేదయ్యా. పండుగ ఎక్కడికీ పోదు. పాలే చల్లారిపోతాయి," అని, ఏనుగు తాడు ఆ రాజు చేతికిచ్చి, గబగబా ఇంటివైపు నడిచాడు.