కాల్చిన వాషర్లు

ఏసుపాదానికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. అతను తయారుచేసిన రేసు కారు పందెంలో మూడో చుట్టు తిరుగుతుండగా మంటలు లేచాయి. నడుపుతున్న మురహరికి రెండు కాళ్లూ కాలిపోయాయి.

ఏసుపాదం చెయ్యి పడితే బండి ఎగరాల్సిందే అనేవాళ్లు గుంటూరు ఆటోనగర్లో. ఆ కారుకి పెద్ద ఫ్యూయల్ పంపు వేశాడు, ఇంజెక్టర్లు మార్చాడు, పెట్రోలు ఒత్తిడి రెట్టింపు చేశాడు. "ఇది కారు కాదు, తారాజువ్వ" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడా మాట ఎవరైనా ఎత్తితే పక్కకి తప్పుకుంటున్నాడు.

చివరికి తనకు పని నేర్పిన మౌలాలి ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. డెబ్బై దాటిన మనిషి, మాట పొదుపు. షెడ్డు ముందు స్టూలేసుకుని కార్బొరేటర్ కడుగుతున్నాడు.

"ఆసుపత్రికి వెళ్లొచ్చావా?" అన్నాడు తలెత్తకుండానే.

"వెళ్లాను ఉస్తాద్. తప్పు తనదేనంటున్నాడు మురహరి. గేరు తప్పు వేశాడట. వాళ్ల నాన్న కూడా కొడుకునే తిడుతున్నాడు. మేస్త్రి బంగారంలా చేసిచ్చాడు, వీడి దుడుకే కొంప ముంచిందంటున్నాడు." ఏసుపాదం స్టూలు పక్కన చతికిలబడ్డాడు. "నన్ను ఒక్క మాట అనలేదు. అదే చంపుతోంది."

"మరి తప్పెవరిది?"

ఏసుపాదం జరిగింది చెప్పాడు. పెట్రోలు గొట్టం బిగించే చోట కారకుండా కొత్త రాగి వాషర్లు వెయ్యాలి. రేపు పందెమనగా కూడా అవి రాలేదు. పాతవాటినే ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక మళ్లీ వేశాడు. మామూలు బండికైతే ఏమీ కాదు, సగం షెడ్లలో చేసేది అదే. అంత ఒత్తిడికి మాత్రం ఆగలేదు, పెట్రోలు వేడి ఇంజను మీద చిమ్మింది. కాలిన ఇంజను విప్పింది తనే గనక ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

"చెప్పకపోతే ఏం ఉస్తాద్? చెబితే వాడి కాళ్లు బాగవుతాయా?"

చేసిన పాపం చెబితే పోతుందంటారు. మౌలాలి ఆ సామెత ఎత్తలేదు. కాలిన ఒంటి ముందు సామెతలేం పనిచేస్తాయి, నా మొహం.

లేచి షెడ్డులోకి వెళ్లి, అటక మీంచి పాత పాలడబ్బా దించాడు. నిండా రాగి వాషర్లు. కాల్చి మళ్లీ వాడడానికని నలభై ఏళ్లుగా ఏరి దాచుకున్నవి. ఏసుపాదం పనిలో చేరిన రోజున మొదట నేర్పింది ఆ కాల్చడమే. వాటన్నిటినీ తుక్కులో కుమ్మరించాడు. చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఎక్కడికి ఉస్తాద్?"

"ఆసుపత్రికి. కాల్చి వెయ్యమని నేర్పాను. ఎక్కడ వెయ్యకూడదో నేర్పలేదు. ముందు నేను చెబుతాను."

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. మురహరి మంచం దగ్గర ఉస్తాద్ నోరు తెరిచేలోపే ఏసుపాదం అన్నాడు. "తప్పు నాది తమ్ముడూ. పాత వాషర్లు వేశాను."

తండ్రి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. మురహరి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మౌలాలి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. ఏసుపాదం కూడా కూర్చున్నాడు. గంట గడిచింది. ఎవరూ పలకరించలేదు.

"ఎంతసేపు ఉస్తాద్?" అన్నాడు ఏసుపాదం గొణుగుతున్నట్టు.

"అతను లెమ్మనేదాకా."