మంచు వంతెన, మూడు ముడులు

అనగా అనగా, ఏడాదిలో సగం రోజులు మంచు తప్ప మన్ను కనిపించని ఒక కొండ రాజ్యం. దాని పేరు ధవళగిరి. దాన్ని ఏలే రాజు తుషారసేనుడు.

రాజు ఉండే ఊళ్లో ఒక అలవాటు ఉంది. చలికాలం వస్తే చాలు, గడప దాటే ప్రతి మనిషీ కంబళి లోపల ఒక చేతికుంపటి పెట్టుకుంటాడు. చిన్న పిడతలో నిప్పులు, దాని మీద రెండు చేతులు. రాజుగారిది బంగారు పిడత, బీదవారిది మట్టి పిడత. నిప్పు మాత్రం అందరిదీ ఒకటే. కుంపటి వదిలితే వేళ్లు రాలిపోతాయని అక్కడి తల్లులు పిల్లలకు చెప్పేవారు.

ఒక్క ఇంట్లో మాత్రం ఆ అలవాటు లేదు. లోయ మీది తాళ్ల వంతెనకు కాపరి అయిన కేదారయ్య ఇల్లు అది. "నిప్పు ఇంటికి, ఒళ్లు వీధికి" అనేవాడు ఆయన. ఆయన కోడలు ఉత్పల చలిలో వట్టి చేతులతో బయటికి వచ్చి, కట్టెలు మోసి, ముంగిట మంచు ఊడ్చేది. వేళ్లు జివ్వుమంటే చేతులు రెండూ చంకల్లో దాచుకుని కాసేపు నిలబడేది. మళ్లీ పనిలోకి దిగేది.

ఇరుగుపొరుగు నవ్వేవారు.

"ఏమ్మా ఉత్పలా, మీ మామగారు బొగ్గులు కూడా తాళం వేసి దాస్తాడా?"

"బొగ్గులు ఉన్నాయి పిన్నీ. చేతులకు సోమరితనం నేర్పడం ఇష్టం లేదు" అనేది ఆమె.

పిల్లలూ, ఎగతాళికి జవాబు చెప్పి ఊరుకోవడం తేలిక. ఎగతాళి మధ్య రోజూ అదే పని చేయడం కష్టం. ఉత్పల రోజూ చేసింది.

ఒక ఏడు మంచు మరీ ముందుగా పడింది. గొర్రెల మందలతో లోయ అవతలికి వెళ్లిన కాపరులు ఇంకా తిరిగి రాలేదు. ఉత్పల భర్త మందరుడు కూడా వారిలోనే ఉన్నాడు. వారు లోయ అంచుకు వచ్చేసరికి తాళ్ల వంతెన ఇవతలి ఒడ్డున పట్టు వదిలి ఒరిగి ఉంది. మంచు బరువుకు కట్లు తెగిపోయాయి. కొండ కొమ్మున నల్లని మబ్బు కూర్చుంది. సాయంత్రానికి మంచు తుపాను దిగుతుంది. అవతల ఒడ్డున తలదాచుకోవడానికి ఒక గుహ కూడా లేదు.

వంతెన పెద్ద మోకును ఊరి మనుషులు లాగి పట్టుకున్నారు. దాన్ని రాతి స్తంభానికి సన్నని తాళ్లతో పెనవేసి మూడు ముడులు వేయాలి. స్తంభం దగ్గర ఒక్కరు నిలబడేందుకే చోటుంది. ముడి వేయడం ఊళ్లో అందరికీ వచ్చు. ఏటా పండుగనాడు పొయ్యి పక్కన కూర్చుని ప్రతి ఇంటా నేర్చుకునేదే. కేదారయ్య చేతులు ముసలితనంతో వణుకుతున్నాయి.

"ముడులు వేసినవారే ఇకపై వంతెనకు అధిపతి!" అని రాజు చాటించాడు.

మొదట వీరభుజుడనే వస్తాదు వచ్చాడు. "ఇదెంత పని!" అంటూ వేడి నీళ్లు తెప్పించి చేతులు ముంచాడు. ఆవిరి కక్కుతున్న చేతులతో తాడు పట్టుకున్నాడు. తడి చేతుల మీదికి గాలి కత్తిలా వచ్చింది. చూస్తుండగానే వేళ్లు కొయ్యబారాయి. పరుగున వచ్చి కుంపటిలో చేతులు పెట్టాడు. మొద్దుబారిన చేతులకు కాలుతున్న సంగతి తెలియలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి.

తరువాత రత్నగుప్తుడనే వర్తకుడు వచ్చాడు. ఒకదాని మీద ఒకటిగా తోలు తొడుగులు బిగించి వచ్చాడు. తొడుగులతో ముడి పడలేదు. తొడుగులు తీస్తే బిగువుకు నెత్తురాడక వేళ్లు అప్పటికే పాలిపోయి ఉన్నాయి. చేతిలోని సన్నని తాడు జారి లోయలో పడింది.

మూడోసారి ఎవరూ ముందుకు రాలేదు.

"మామయ్యా, నేను వెళ్తాను" అంది ఉత్పల.

"వెళ్లు తల్లీ. తొందరపడకు" అన్నాడు కేదారయ్య.

ఆమె ముందుగా వేడి వేడి జొన్న జావ తాగింది. తలకు, మెడకు, నడుముకు ఉన్ని చుట్టుకుంది. చేతులను పొడిగా తుడుచుకుంది. వదులైన ఉన్ని తొడుగులను తాడుతో మెడలో వేలాడదీసుకుంది, గాలికి ఎగిరిపోకుండా.

"చేతులకు చలేస్తే నడుముకు చుట్టుకుంటుందేమిటి!" అని ఎవరో కిసుక్కున నవ్వారు.

ఉత్పల మొదటి ముడి వేసింది. వెంటనే తొడుగుల్లో చేతులు దూర్చి, భుజాల నుంచి చేతులను గిరగిరా తిప్పింది. నెత్తురు వేళ్ల కొసలకు ఉరికింది. రెండో ముడి వేసింది. మళ్లీ తిప్పింది.

మూడో ముడికి వచ్చేసరికి గాలి హోరెత్తింది. మంచు రాలడం మొదలైంది. ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. తాడు ఉన్నదీ లేనిదీ వేళ్లకు తెలియడం లేదు. అవతలి ఒడ్డు నుంచి మందరుడి కేక గాలిలో ముక్కలై వినిపించింది.

రాజు స్వయంగా తన బంగారు కుంపటి చాచాడు. "తీసుకో తల్లీ, త్వరగా!"

"క్షమించండి ప్రభూ. స్పర్శ లేని చేతికి నిప్పు శత్రువు."

"రాజుగారు ఇస్తే కాదంటావా? అవతల నీ మొగుడే చస్తున్నాడు!" అని మంత్రి అరిచాడు.

ఉత్పల పెదవి కొరుక్కుంది. కంబళి లోపల చేతులు చంకల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. జనం గోల పెట్టారు. ఆమె కదలలేదు. వేళ్లలో సూదులు గుచ్చినట్టయింది. నొప్పి వచ్చింది. నొప్పితో పాటు ప్రాణమూ వచ్చింది.

అప్పుడు చేతులు బయటికి తీసి, ఒక్క ఊపున మూడో ముడి బిగించింది.

"వదలండి మోకు!"

మోకు వదిలారు. వంతెన ఒక్కసారి ఊగి, బిగుసుకుని నిలబడింది. గొర్రెల మెడల గంటలు గణగణమంటూ వంతెన మీదికి వచ్చాయి. గొర్రెలన్నీ దాటాయి. కాపరులందరూ దాటారు. అందరి వెనుక మందరుడు ఒక చంటి గొర్రెపిల్లను ఎత్తుకుని దాటాడు. అతడి కాలు ఒడ్డున పడగానే తుపాను లోయను కప్పేసింది. జయజయధ్వానాలతో కొండ మారుమోగింది.

మందరుడు భార్య చేతులు పట్టుకుని, "ఇంత గాలిలో ఇంత వెచ్చగా ఎలా ఉన్నాయే?" అన్నాడు.

"నీ చేతులే చల్లగా ఉన్నాయి. ముందు నడు, జావ ఉంది" అంది ఉత్పల.

రాజు బంగారు కంకణాలు తెప్పించాడు. ఆమె దండం పెట్టింది. "ప్రభూ, చలిలో బంగారం కూడా మంచుగడ్డలాగే కరుస్తుంది. వంతెన కాపరికి ఒక మంచి కంబళి ఇప్పించండి, చాలు."

రాజు పకపకా నవ్వి, "ఇక వంతెన కాపరివి నువ్వే తల్లీ" అంటూ తన భుజం మీది కంబళి తీసి ఆమెకు కప్పాడు. మర్నాడు పొద్దున్నే ఆయన కుంపటిని గడప లోపలే వదిలి, వట్టి చేతులతో వీధిలోకి వచ్చాడు. ఆయనను చూసి ఊరంతా వచ్చింది. వీరభుజుడు కూడా వచ్చాడు, కట్టుకట్టిన చేతులను చంకల్లో దాచుకుని.

నీతి: సుఖంగా ఉన్న రోజుల్లో తనను తాను అదుపులో పెట్టుకున్నవాడికే కష్టం వచ్చిన రోజున చేతులు మాట వింటాయి.