గళ్ళబొమ్మకి దిష్టిచుక్క

మా ఇంట్లో తెలివికి కొదవ లేదు. అరిగిపోతుందేమోనని ఎవరమూ వాడం, అంతే.

పాలకొల్లులో మాది లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సు. పేరు సుబుద్ధి ప్రింటర్స్. అందులో నాన్న, అమ్మ, బాబాయి, కాలేజీ వాదనల్లో కప్పులు గెలిచిన నేను.

ఓ మందుల కంపెనీ ఐదువేల లేబుళ్ళ పని ఇచ్చింది. లేబులు మీద క్యూఆర్ కోడు, అదే ఆ నలుపూ తెలుపూ గళ్ళబొమ్మ, ఉండాలి. దాన్ని ఫోను చదివితే చాలదట. అచ్చు ఎంత బాగా పడిందో యంత్రంతో చూసి, ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు వేస్తారట. 'ఏ' రాకపోతే పని ఎదురింటి భ్రమరాంబ ప్రెస్సుకి పోతుంది. అదీ పోయిందా, మా ప్రెస్సుకి తాళం, నాన్నకి ఎదురింట్లో కూలిపని.

కంపెనీ తరఫున గ్రేడు వేసే ఇందుమతిగారు వచ్చి, మేం తీసిన మొదటి లేబులుకి యంత్రం ఆనించారు.

"డీ! కోడు చుట్టూ ఖాళీ లేదండీ. వదలండి, రేపొస్తాను."

అంతే. బాబాయి బీరువా బయటికి ఈడ్చాడు. బల్లలు, కుర్చీలు, కాగితం కట్టలు వీధిలో పడ్డాయి. గది మధ్యలో ఒక్క లేబులు పెట్టి, మేం గోడలకి అతుక్కుని నిలబడ్డాం. మర్నాడు ఇందుమతిగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇంకా ఖాళీ కావాలంటే గోడ కొట్టిస్తామండీ," అంది అమ్మ వినయంగా.

"ఖాళీ కాగితం మీదమ్మా, ఇంట్లో కాదు! పైగా ఈ తెలుపు మురిగ్గా ఉంది. తెలుపు తెల్లగా, నలుపు నల్లగా ఉండాలి."

ఇంకేముంది! అమ్మ బకెట్లో నీలిమందు కలిపి, లేబుళ్ళు జాడించి, పిండి, దండెం మీద ఆరేసింది.

"నలుపు కూడా పోయిందేమిటి వదినా?" అన్నాడు బాబాయి.

"అంత మురికి పట్టిందన్నమాట!"

మూడోనాడు ఇందుమతిగారు దండెం కేసి చూశారు. కొంగు దోపుకుని తనే మిషను ముందు కూర్చున్నారు. మంచి కాగితం పెట్టించారు, సిరా సరిచేశారు, ఒకటి తీసి యంత్రం ఆనించారు. ఏ! నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇలాగే ఐదువేలూ తీయండి. ఎంత ముచ్చటగా ఉందో, దిష్టి తగిలేను!" అని నవ్వి వెళ్ళారు.

మేం నవ్వలేదు. ఐదువేలూ తీసి, కాటుక భరిణె తెచ్చాం.

"చుక్క బుగ్గన పెట్టాలి. దీనికి బుగ్గేదీ?" అన్నాడు బాబాయి.

"మూడు మూలలా మూడు నల్ల చదరాలు కళ్ళలా ఉన్నాయిగా! మిగిలిన మూలే బుగ్గ," అన్నాను నేను. అందరూ చప్పట్లు కొట్టారు. కాలేజీలోనూ ఇలాగే కొట్టేవారు.

"ఎఫ్!" అన్నారు ఇందుమతిగారు మర్నాడు. "ఇన్ని చుక్కలేమిటండీ! సాయంత్రందాకా ఆగుతాను. లేబులు మీద ఒక్క చుక్క కనిపించకూడదు. ఇదే ఆఖరు."

నాన్న మొహం పాలిపోయింది. "ఎదురింట్లో కూలి తప్పదే అమ్మాయ్..."

"నేనుండగానా నాన్నా!" అని కత్తెర తీశాను.

అంతే. సాయంత్రానికి ఒక్క చుక్క లేదు. ఐదువేల లేబుళ్ళు, ఐదువేల గుండ్రటి చిల్లులు.

"వెతుక్కోండి మేడం! చుక్క దొరికితే నన్నడగండి!" అని సవాలు చేశాను.

ఆవిడ ఒక లేబులు పైకెత్తి, చిల్లులోంచి నన్ను చూశారు. తర్వాత సంచి సర్దుకుని వెళ్ళిపోయారు.

నాన్న ఆ లేబులే కంటికి ఆనించుకుని వీధిలోకి చూశాడు. "అబ్బ, ఎంత స్పష్టంగా కనిపిస్తోందే! ఆవిడ భ్రమరాంబ ప్రెస్సు మెట్లెక్కుతున్నారు!"

"చూశారా, నా కూతురు చేసిన చిల్లు ఏ గ్రేడు!" అని అమ్మ మురిసిపోయి, దానికి దిష్టి తగలకుండా చుక్క పెట్టడానికి కాటుక భరిణె అందుకుంది.