పూలపెట్ట కొన్న ఫోను

గుట్ట వారన ఒక పశువుల కొట్టం ఉంది. అందులో ఒక ఎద్దు, ఒక గేదె, నాలుగు గొర్రెలు ఉండేవి. చూరు కింద గంపలో ఒక కోడిపెట్ట కాపురం. ఒంటి మీద నాలుగు రంగుల ఈకలు కలిసి ఉండటంతో దాన్ని అందరూ పూలపెట్ట అనేవాళ్ళు. ఎద్దు పేరు మైలయ్య. ఆ ఏడాది కొట్టానికీ గుట్టకీ మధ్య, తంగేడు పొదల పక్కన, నక్క ఒక సెల్‌ఫోన్ల దుకాణం తెరిచింది.

కోళ్ళను తినే నక్క కోళ్ళకు ఫోన్లు అమ్మడమేమిటని అడక్కండి. కోడిని తింటే ఒక్క పూటే గడుస్తుందని దానికి ఈ మధ్యే తెలిసొచ్చింది. అప్పటినుంచి అది అందరినీ వరసలు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. దుకాణం ముందు పెద్ద బోర్డు కూడా కట్టింది: "వడ్డీ లేదు. ముందు కట్టేది లేదు. ఫోను ఈరోజే మీ చేతిలో."

ఒకరోజు పూలపెట్ట ఆ బోర్డు దగ్గర ఆగింది.

"రా అక్కా, ఎండలో నిలబడ్డావేం? చూసినందుకు డబ్బులడగను," అంది నక్క.

"ఊరికే చూసి పోదామని వచ్చాను అన్నా."

"అందరూ అలాగే వస్తారు. పిల్లలెంతమంది?"

పెట్ట మొహం వాడిపోయింది. పోయినసారి పొదిగి లేపిన పిల్లల్ని గద్ద ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయింది. చివరిది కళ్ళముందే పోయింది. ఆ సంగతంతా నక్కకి చెప్పుకుంది.

"అయ్యో! ఫోనుంటే ఆ పిల్ల బతికేది కదక్కా," అంది నక్క. "తాటిచెట్ల మీది కాకులన్నీ నా దగ్గర కొన్నవే. గద్ద అల్లంత దూరాన కనపడగానే గ్రూపులో మెసేజ్ పెడతాయి. నువ్వది చూసుకుని పిల్లల్ని గంప కిందికి తోలేస్తావు."

"ఎంతవుతుంది?"

"వారానికి ఒక్క గుడ్డు. ఆరు వారాలు."

"వడ్డీ?"

నక్క చెవులు మూసుకుంది. "తోడబుట్టినదాని దగ్గర వడ్డీ తీసుకుంటానా? సున్నా. కాకపోతే, ఏ వారమైనా తప్పితే ఒక గుడ్డుకి రెండివ్వాలి. అది వడ్డీ కాదు, ఆలస్య రుసుము. ఫోను మోగితే వెంటనే ఎత్తాలి. ఎత్తకపోతే అదీ ఆలస్యం కిందే లెక్క. అయినా రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేదానివి, నీకెందుకు తప్పుతుంది?"

పెట్ట మనసులో లెక్క వేసుకుంది. వారానికి ఒకటి ఇచ్చినా మిగతావి గంపలో పొదగడానికి ఉంటాయి. పిల్లలు లేచేసరికి ఫోను తనదైపోతుంది. ఎక్కడా తేడా కనిపించలేదు. అలా ఫోను మెడకు కట్టించుకుని మురిసిపోతూ ఇంటికొచ్చింది. ఆ రాత్రి గేదెకి తన ఫోటో తీసి చూపించింది. గేదె అప్పటికే ఒకటి కొని ఉంది కనుక అదీ తన ఫోటో చూపించింది.

మూడు వారాలు వాయిదాలు ఠంచనుగా కట్టింది. నాలుగో వారంలో పెట్ట పొదుగుకొచ్చింది. ఒళ్ళు వెచ్చబడింది, మేత మీద ధ్యాస పోయింది, గంపలోని పదకొండు గుడ్ల మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. పొదుగులో ఉన్న కోడి గుడ్డు పెట్టదు. పుట్టి బుద్ధెరిగిన ప్రతి కోడికీ తెలిసిన సంగతే ఇది. కానీ లెక్క వేసుకున్న రోజున పెట్ట కళ్ళముందు ఫోనే ఉంది, ఆ సంగతి లేదు.

వాయిదా రోజు దాటిన మర్నాడే ఫోను మోగింది. గంపలో సిగ్నల్ అందదు కనుక దాన్ని ముందే ఎదురు గుంజకి వేలాడదీసి ఉంచింది. పెట్ట గుడ్లు వదిలి పరుగెత్తింది.

"మీ వాయిదా ఇంకా అందలేదు. దయచేసి వెంటనే చెల్లించండి," అంది అందులోంచి ఒక తియ్యటి గొంతు.

పెట్ట తిరిగొచ్చి కూర్చుందో లేదో మళ్ళీ మోగింది. మళ్ళీ లేచింది. పొద్దున మోగింది, మధ్యాహ్నం మోగింది, వాన పడుతుంటే మోగింది. కాకుల మెసేజ్ ఒక్కటీ రాలేదుగానీ ఆ తియ్యటి గొంతు మాత్రం గంప పక్కనే కాపురం పెట్టినట్టయింది. లేచిన ప్రతిసారీ అంచున ఉన్న గుడ్లకి గాలి తగిలేది. వెనక్కొచ్చి ముక్కుతో వాటిని లోపలికి జరుపుకుని, "ఏం కాదులే, ఏం కాదులే," అని తనకు తానే చెప్పుకునేది.

రెండు వాయిదాలు తప్పాక నక్క స్వయంగా వచ్చింది. కుశలం అడిగింది, గంపలోకి తొంగిచూసింది.

"ఇన్ని గుడ్లు పెట్టుకుని లేవంటావేం అక్కా?"

"ఇవి పిల్లలయ్యేవి అన్నా! సగం పొదిగినవి."

"పొదిగినవైనా నాకు ఇబ్బంది లేదు. గుడ్డుకి గుడ్డే లెక్క, లోపల ఏముందో నేనడగను. ఇవ్వడం ఇష్టం లేదా, ఇంకో దారి చెబుతాను. మనుషులు ఏం చేస్తారో చూళ్ళేదూ? పొదుగు దిగాలంటే కోడిని చన్నీళ్ళలో ముంచుతారు. నువ్వే ఆ పశువుల నీళ్ళ తొట్టిలో నాలుగు మునకలు వెయ్యి. ఒళ్ళు చల్లబడుతుంది, మళ్ళీ గుడ్లు పెడతావు. నా బాకీ తీరుతుంది. పిల్లలదేముంది, మళ్ళీ పొదుక్కోవచ్చు."

నక్క వెళ్ళాక పెట్ట చాలాసేపు ఆలోచించింది. బాకీ పడ్డానన్న సిగ్గు దాన్ని తినేస్తోంది. చివరికి లేచి, వెనక్కి చూడకుండా తొట్టి దగ్గరికి నడిచింది. అక్కడ మైలయ్య నీళ్ళు తాగుతోంది.

"ఎక్కడికమ్మా, గుడ్లొదిలేసి?"

"మునగడానికి మావా. పొదుగు దిగితే వాయిదా కట్టుకుంటాను."

మైలయ్య మూతి పైకెత్తింది. "ఆ ఫోను ఎందుకు కొన్నావు?"

"నా పిల్లల కోసం."

"పిల్లలెక్కడున్నారు?"

"గంపలో."

"మరి నువ్వెక్కడున్నావు?"

పెట్టకి ఏడుపొచ్చింది.

"నేనేం చెయ్యను మావా? వడ్డీ లేదంటేనే కదా తీసుకున్నాను. నక్క అబద్ధం చెప్పిందా?"

"అబద్ధం చెప్పలేదు. దానికి వడ్డీతో పనేముంది?" అంది మైలయ్య. "గేదెకి ఎప్పుడు అమ్మిందో చూశావా? పాలు వట్టిపోయే నెల ముందు. గొర్రెలకి బొచ్చు కత్తిరించిన వారానికి. నీకు పొదుగుకొచ్చే ముందు. మన ఒంట్లో సరుకు ఎప్పుడు ఆగిపోతుందో మనం మర్చిపోయాం, అది గుర్తుపెట్టుకుంది. నన్ను మాత్రం ఒక్కరోజూ కొట్లోకి పిలవలేదు. ఏడాది పొడుగునా కాడి మోసేవాణ్ణి, నా దగ్గర ఆగేదేముంది? ఎందుకు పిలవలేదా అని నేనూ చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడర్థమైంది."

"మరి బాకీ?"

"బాకీ ఎక్కడికీ పోదు. గుడ్లు చల్లారిపోతాయి. పద."

పెట్ట పరుగెత్తి గంపలో కూర్చుంది. ఫోను మోగుతూనే ఉంది. మోగనీ అనుకుని రెక్కలు ఇంకాస్త విప్పింది. ఆ తర్వాత మేతకి తప్ప లేవలేదు.

పిల్లలు లేచే రోజొచ్చింది. ఒకటి పెంకు పగలగొట్టుకుని బయటపడింది, తర్వాత ఇంకొకటి. సాయంత్రానికి ఐదు. మిగతా ఆరింటికీ పెట్ట చెవి ఆనించి విన్నది. చప్పుడు లేదు. ఇంకో రోజు కూర్చుంది, ఆ మర్నాడూ కూర్చుంది. మైలయ్య వచ్చి మెల్లిగా, "ఇక లెయ్యమ్మా. అవి మురిగిపోయాయి," అంటే అప్పుడు లేచింది. అంచున ఉండి గాలి తగిలినవే అవన్నీ. వాటిని చూస్తూ గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఏడుపు తీరాక ఆ ఆరింటినీ గడ్డిలో చుట్టి, పిల్లల్ని వెంటేసుకుని దుకాణానికి బయల్దేరింది. అప్పటికి ఆరో వాయిదా కూడా తప్పింది. తప్పిన మూడు గుడ్లకి రెండేసి చొప్పున ఆరు ఇవ్వాలి. అప్పుడు నక్క రెండు బాతులకి ఫోన్లు చూపిస్తూ, వడ్డీ లేదు, వడ్డీ లేదు అని చెబుతోంది.

"నా బాకీ తెచ్చాను అన్నా. ఆలస్య రుసుముతో సహా ఆరు. పొదిగినవే. గుడ్డుకి గుడ్డే కదా?"

"గుడ్డుకి గుడ్డే!" అంది నక్క. బాతుల ముందు ఎంత మర్యాదగా వసూలవుతోందో అని దాని మీసాలు అదిరాయి. "లోపల ఏముందో నేనడగనని అప్పుడే చెప్పానుగా. ఇవాళ్టితో నీ లెక్క చెల్లు అక్కా. చూశారుగా బాతమ్మలూ, నా దగ్గర అంతా నిక్కచ్చి."

అని, నోరూరి ఆగలేక అక్కడే ఒక గుడ్డు పుటుక్కున కొరికింది. కుళ్ళు నీళ్ళు మూతి నిండా, గొంతులోకీ పోయాయి. దుకాణమంతా కంపు కొట్టింది. బాతులు చూస్తున్న ఫోన్లు అక్కడే పడేసి వెనక్కి తిరిగి చూడకుండా పోయాయి.

"మోసం! మురిగిన గుడ్లిస్తావా?" అని నక్క కక్కుకుంటూ అరిచింది.

"మోసమెందుకు చేస్తాను అన్నా?" అంది పూలపెట్ట. దాని గొంతులో కోపం లేదు. "బతికుంటే అవి నా పిల్లలు. నీ ఫోను మోగినప్పుడల్లా లేచి వెళ్ళాను, ఆ లేచినప్పుడు పోయాయి. నావైతే నేనే పాతిపెట్టుకునేదాన్ని. నీ వాయిదాల్లో పోయినవి కాబట్టి నీకే తెచ్చిచ్చాను."

ఐదు పిల్లల్నీ రెక్కల కిందికి లాక్కుని అది కొట్టం దారి పట్టింది.

వడ్డీ లేని అప్పుతో ఏదైనా కొనేముందు, మనం కట్టలేని రోజులేవో అమ్మేవాడికంటే ముందు మనమే లెక్క వేసుకోవాలి.