తవిటమ్మ తడపని అటుకులు

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు జరగండి. కునుకు తీసేవాళ్ళు గోడ పక్కకి పోండి. ఇది నవ్వొచ్చే కథ కాదు, ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను తిట్టుకోకండి.

ఎప్పుడో, ఉప్పు కొండెక్కి చింతపండు కొండ దిగే కాలంలో, కొండల కింద ఒక ఊరుండేది. ఆ ఊరి మగవాళ్ళు కావిళ్ళు మోసేవాళ్ళు. కింద నుంచి ఉప్పు మోసుకుపోయి కొండల్లో ఇచ్చేవాళ్ళు. కొండల నుంచి చింతపండు, పసుపు మోసుకొచ్చేవాళ్ళు. కోతలయ్యాక వెళితే మళ్ళీ వానలు పడేలోపు దిగిపోవాలి. వానల్లో కొండమీద ఉండిపోయినవాణ్ణి మన్యం జ్వరం వదిలేది కాదు.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, తల్లి ఆమెను పుట్టగానే పక్కింటివాళ్ళకిచ్చి, చేటెడు తవుడు పోసి తిరిగి తెచ్చుకుంది. అందుకని ఆ పేరు. ఆమె మొగుడు సిమ్మన్న, కావడి మోసేవాడు. పిల్లల్లేరు. మొగుడు కొండెక్కితే ఆమె ఊళ్ళో అందరికీ అటుకులు దంచిపెట్టేది.

అటుకులు దంచడం మీరు చూసి ఉండరు. వడ్లు నానబెట్టాలి. పెనంలో వేయించాలి. వేడి తగ్గకముందే రోట్లో పోసి దంచాలి. చల్లారాయా, నూకలవుతాయి. తవిటమ్మ దంచితే ఒక్క గింజ విరిగేది కాదు, పల్చగా రేకుల్లా వచ్చేవి.

ఇక పొద్దున్నే వాటిని ఫలహారం చేయడం మహా తేలిక అనుకుంటారు, కూర్చుని తినేవాళ్ళు. పల్చటి అటుకులు నీళ్ళలో ముంచి వెంటనే తీసేయాలి. పిడికిట పట్టి నీళ్ళు పిండాలి. ఆవాలు, ఎండుమిరప, అల్లం, కరివేపాకు పోపు వేసి, పసుపు చల్లి, నిమ్మకాయ పిండాలి. తినేవాడు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి ఆకులో పడాలి. వాడు రాకముందే తడిపి పెట్టుకుంటే ముద్దయిపోతాయి. అలా ముద్దయిన అటుకుల దగ్గరే వచ్చింది తంటా అంతా.

ఆ ఏడు సిమ్మన్న బయల్దేరడం ఆలస్యమైంది. ఎండలు ముదిరిపోయాయి. తవిటమ్మ ఒకసారి వద్దంది. రెండోసారి వద్దంది. మూడోసారి కూడా వద్దంది. అతను వినలేదు.

బయల్దేరే రోజు పొద్దున్న వాకిట్లో కావడి కడుతూ లోపలికి కేకేశాడు.

"ఒలే, అయిపోనాది. అటుకులు తడుపు!"

ఆమె తడిపింది. ఇంతలో కావడి ఉట్టి తాడు తెగింది. మళ్ళీ కట్టాడు. ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడాడు. వచ్చి కూర్చునేసరికి ఆకులో ఉన్నది ముద్ద.

"ఏటే ఇది? అటుకులా, అంబలా?" అన్నాడు.

అసలే పోతున్నాడని ఆమె కడుపు మండిపోతోంది.

"తింతే తిను, నేకపోతే పో!" అంది.

అతను ఆకు పక్కకి తోసి, కావడి భుజానికెత్తుకుని, చెప్పకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళొస్తానని కూడా అనలేదు. ఆమె కాసేపు బిగదీసుకుని కూర్చుంది. తర్వాత మనసాగలేదు. పొడి అటుకులూ బెల్లమూ గుడ్డలో మూటకట్టి ఊరి చివరిదాకా పరుగెత్తింది. కావిళ్ళవాళ్ళు అప్పటికే కొండ మలుపు దాటిపోయారు.

ఆ రోజు నుంచి ఆమె పొద్దుటి తిండి మానేసింది. మొగుడొచ్చి తన చేతి అటుకులు తినేదాకా తానూ తిననని ఒట్టు పెట్టుకుంది. ఆమెకి కావలసింది ఒక్కటే. అతని కోపం తగ్గిందో లేదో తెలియాలి.

వానలు మొదలయ్యాయి. కావిళ్ళవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. సిమ్మన్న దిగలేదు. అతనితో కూడా వెళ్ళిన గవరయ్య ఆఖర్న దిగాడు. గవరయ్య మంచివాడు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాడు ఎవడూ లేడు.

సిమ్మన్న కొండమీదే పోయాడు. జ్వరం తగిలి, ఒక కొండపల్లెలో మంచం పట్టి, గవరయ్య చెయ్యి పట్టుకునే పోయాడు. పోయేముందు తవిటమ్మకి చెప్పమని ఒక మాట చెప్పాడు. ఆ మాట గవరయ్య చెప్పాల్సింది. నేను చెప్పకూడదు.

చెబుదామనే వచ్చాడు గవరయ్య. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. వాకిట్లోకి వచ్చాడో లేదో తవిటమ్మ అటుకుల చేటతో ఎదురొచ్చింది. మొహం చింకి చాటంత అయింది.

"అన్నా, వొచ్చీసినావా! మావేడీ? కోపం తగ్గినాదా? అటుకులు తడపమంటావేటన్నా?"

ఆ మొహం చూసి గవరయ్య కూడబలుక్కున్న మాటలన్నీ మింగేశాడు.

"ఇప్పుడే తడపకు సెల్లీ. ఎనకాల వొస్తన్నాడు," అన్నాడు.

ఆ పూటకి అలా గడిపేసి, తెల్లారి చెబుదామనుకున్నాడు. తెల్లారి ఊరి పెద్దలతో చెప్పుకుని ఏడ్చాడు. పెద్దలు ఏమన్నారు? ఒంటరి మనిషి, ఈ వానల్లో తట్టుకోలేదు, నాట్లయ్యాక చెబుదాం అన్నారు. నాట్లయ్యాక, పండగ ముందర ఎందుకు, పండగ వెళ్ళాక చెబుదాం అన్నారు. పండగ వెళ్ళాక, ఇన్నాళ్ళు దాచి ఇప్పుడు ఏ మొహంతో చెబుతాం అన్నారు. ఇంకేముంది, ఊరంతా కలిసి నోరు కుట్టేసుకుంది.

కొండ దిగిన ప్రతివాడినీ తవిటమ్మ అడిగేది. చేట పట్టుకుని వాకిట్లోనే నిలబడేది.

"అటుకులు తడపమంటావేటన్నా?"

"ఇప్పుడే తడపకమ్మా. ఎనకాల వొస్తన్నాడు."

ఒక ఏడు అయింది. ఇంకో ఏడు అయింది. ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు.

తవిటమ్మ పెదనాన్న కొడుకు, ఆమెకి అన్న వరస, ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. "మా ఇంటికి వొచ్చీయే, ఒక్కదానివి ఏం సేస్తావిక్కడ?" అన్నాడు. ఆమె, "మా మావ వొచ్చి, తలుపుకి తాళం సూసి మళ్ళీ ఎనక్కి ఎల్లిపోతే?" అంది. అన్న వట్టి బండితో పోయాడు. ఊరివాళ్ళు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు.

పొరుగూళ్ళో ఒక కుమ్మరి ఉండేవాడు. పెళ్ళాం పోయింది, చంకలో ఆడపిల్ల. నెమ్మదైనవాడు. వాళ్ళలో మారుమనువుకి తప్పులేదు. అతనికి ఎవరో నిజం చెప్పారు. తవిటమ్మకి మాత్రం చెప్పలేదు! అతను కొత్త చట్టి ఒకటి తెచ్చి ఆమె అరుగు మీద పెట్టి, తలొంచుకుని అడిగాడు. ఆమె వెర్రిగా చూసింది.

"మొగుడున్నదాన్ని ఏటడుగుతన్నావు బాబూ? నీకు మతి పోనాదా?"

పిల్ల మాత్రం తవిటమ్మ చేటలోంచి గుప్పెడు అటుకులు తీసుకుని బుక్కింది. తవిటమ్మ దాని మూతి తుడిచింది. చాలాసేపు దాన్నే చూసింది. ఆమెకి ఏమీ తెలియదని అర్థమై, తన నోటితో చెప్పలేక, కుమ్మరి పిల్లనెత్తుకుని వెళ్ళిపోయాడు. చట్టి అక్కడే వదిలేసి పోయాడు, పాపం. అప్పుడూ ఊరివాళ్ళు చూశారు. ఎవరూ మాట్లాడలేదు.

ఆమె చెల్లెలికి ఇంటినిండా పిల్లలు. ఒకణ్ణి పెంచుకోమని తెచ్చింది. "ఆయన్నడక్కుండా నానెలాగ పెంచుకుంతాను?" అంది తవిటమ్మ. అప్పుడు కూడా అంతే.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. ఊళ్ళో పెళ్ళి వస్తే ముత్తయిదువలు పసుపు దంచాలి. తవిటమ్మ చేతులకి గాజులున్నాయి, నుదుట బొట్టుంది. ఆమెను పిలవడానికి ఆడవాళ్ళకి నోరు రాలేదు. పిలవకపోవడానికి కారణమూ చెప్పలేదు. దంచడంలో అంత చేయి తిరిగిన మనిషి, నలుగురూ దంచుతున్న రోకళ్ళ చప్పుడు ఇంట్లో కూర్చుని వినేది. మొగుణ్ణి నోటితో పొమ్మన్నదాన్ని కదా, అందుకే నన్ను వెలివేశారు అనుకునేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ నాకు ఆ ఊరిమీద ఒళ్ళు మండుతుంది.

అలా జుట్టు నెరిసింది. పళ్ళు కదిలాయి.

ఒక రోజు సోమారి అనే కొండమనిషి కొండచీపుర్లు అమ్ముకుంటూ ఆ ఊరు దిగింది. ముసలిది. పల్లానికి రావడం అదే మొదలు. ఎండకి తాళలేక తవిటమ్మ అరుగు మీద చతికిలబడింది. తవిటమ్మ మంచినీళ్ళిచ్చి, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"పైనుంచి వొచ్చినావు గదా అప్పా. మా మావ కనిపించినాడా? ఉప్పు కావడి మోస్తాడు. ఎడం కనుబొమ్మ మీద గాటుంతాది. అటుకులు తడపమంటావేటి?"

సోమారి నీళ్ళు తాగడం ఆపింది. ఆమెకు ఈ ఊరి సంగతి ఏం తెలుసు? ఉన్నదున్నట్టు చెప్పింది.

"కనుబొమ్మ మీద గాటున్న ఉప్పాయనా? మా ఇంట్లోనే జొరంతో పడుకున్నాడమ్మా. అప్పుడు నా పెద్దకూతురు పాలు తాగే పిల్ల. ఇప్పుడు దానికి మనవలు. ఆయన పోయి ఎన్నాళ్ళయిందో. మా చేను గట్టునే పూడ్చాం. కూడా వచ్చినాయన తలకాడ రాయి పెట్టి మరీ వెళ్ళాడే. నీకు చెప్పలేదా?"

తవిటమ్మ చేట కింద పెట్టింది. నడుచుకుంటూ గవరయ్య ఇంటికి పోయింది. గవరయ్య ముసలివాడైపోయాడు, వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఆమె నడక చూడగానే అతనికి అర్థమైంది. లేచి కూర్చున్నాడు.

"అన్నా, నాకొక్కటి సెప్పు," అంది తవిటమ్మ. "పోయేటప్పుడు నాకేటైనా సెప్పమన్నాడా?"

గవరయ్య బావురుమన్నాడు. ఏడుస్తూనే చెప్పాడు.

"సెప్పమన్నాడు సెల్లీ. 'తప్పు నాదేరా, పిలిచి ఆలీసం సేసినాను. ఆ ముద్ద తినీసి రావలసింది. నాకు కోపం నేదని దానికి సెప్పు. నా కోసం కూకోవద్దని సెప్పు' అన్నాడు."

తవిటమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"కోపం నేదన్నాడా?"

"నేదన్నాడు."

"కూకోవద్దన్నాడా?"

"అన్నాడు సెల్లీ. నిన్ను సూసి సెప్పనేకపోనాను. నీ మీద జాలితోటే..."

"ఆ మాట నాదన్నా," అంది ఆమె. "నాకిమ్మని ఆయనిచ్చినాడు. ఆరోజే ఇచ్చీసుంటే, ఏడిసేదాన్ని. ఏడిసి, లేసి, ఏదో ఒకలాగ బతికేదాన్ని. ఆ కుమ్మరోళ్ళ పిల్లకి తల దువ్వుకుంటూ బతికేదాన్ని."

అంతకంటే ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే గవరయ్యకి కొంచెం తేలికయ్యేది.

ఇంటికొచ్చింది. నడిమధ్యాహ్నం అటుకులు నీళ్ళలో పోసింది. పోపు పెట్టలేదు, నిమ్మకాయ పిండలేదు. ముద్దయ్యేదాకా ఊరుకుంది. కబురు తెలిసి ఊరి ఆడవాళ్ళంతా వచ్చి వాకిట్లో తలలు దించుకుని నిలబడ్డారు. వాళ్ళ ముందే ఆ ముద్ద చేతిలోకి తీసుకుని, చిన్నచిన్నగా, మొత్తం తినేసింది. గాజులు తానే తీసి గూట్లో పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఎన్నేళ్ళ ఏడుపో అది, పొద్దు గూకేదాకా ఆగలేదు. సోమారి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ వానాకాలం తవిటమ్మ దాటలేదు. మంచం పట్టినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళే వంతులు వేసుకుని చూశారు. పోయేముందు వాళ్ళతో, "నన్ను సేసినట్టు ఇంకెవరినీ సెయ్యకండమ్మా," అంది.

అటుకుల చేట పట్టుకుని పాడె ముందు గవరయ్య నడిచాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు అడిగినా, ఏమి అడిగినా, అతని నోట "వొస్తన్నాడు" అనే మాట మళ్ళీ రాలేదు.

ఇదీ తవిటమ్మ కథ. ఆమెకు గుడి లేదు, గోరీ లేదు. కానీ ఆ కొండల కింది ఊళ్ళలో ఇప్పటికీ పొద్దున్నే పోపు మూకుడు పొయ్యి మీద పెట్టి ఇల్లాలు, "తడపనా?" అని వాకిట్లోకి కేకేస్తుంది. తినేవాడే పీట మీద కూర్చుని "తడుపు" అనాలి. "వస్తున్నాడులే, తడిపెయ్" అని ఇంకెవరైనా అతని బదులు చెబితే ఒప్పుకోరు. చిన్నపిల్లల్ని కూడా ఊరుకోమంటారు.

ఇంకొకటి ఉంది. ఎక్కడో దూరాన మనిషి పోయాడని కబురొస్తే, ఆ ఊళ్ళలో మంచిరోజు చూడరు, వాన తగ్గాలనుకోరు. కబురు తెచ్చినవాడు తిన్నగా ఆ ఇంటికే పోతాడు. ఉన్నదున్నట్టు చెబుతాడు. పోయినవాడు ఏమైనా చెప్పమని ఉంటే, ఒక్క మాట తగ్గించకుండా చెబుతాడు. వాళ్ళు ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చుంటాడు. ఏడుపు కాస్త నెమ్మదించాక తానే లేచి, గుప్పెడు అటుకులు తడిపి, బెల్లం కలిపి, వాళ్ళ చేతిలో పెట్టి అంటాడు:

"ఇంక రాడమ్మా. నువ్వు తిను."