కుంపటా, రొట్టా?

మువ్వలకోట రాజావారు ఎవరితోనూ కలిసి భోంచేయరు. అది ఆ వంశ మర్యాద. ఒంటరిగా తిని తిని విసుగెత్తిందేమో, ఓ రోజు కొలువులో కొత్త తిక్క పుట్టింది.

"వర్తకుల జట్టూ కుంఫిణీయే, సిపాయిల దండూ కుంఫిణీయే. చుట్టం పక్కన ఊరికే కూర్చున్నా కుంఫిణీ ఇవ్వడమేనట! దొరలు కంపెనీ అనే ఈ ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందయ్యా? సరిగ్గా చెప్పినవాడే నా దుబాసీ. తప్పు చెప్పినవాడు కోట వదిలి పోవాలి!"

దొరల మాటలు తెలుగు చేసి చెప్పే దుబాసీ పేరయ్య పంతులు కండువా సవరించుకున్నాడు.

"ఇదో లెక్కా ప్రభూ! మన కుంపటే వాళ్ళ కుంఫిణీ. చలికి దొరలంతా కుంపటి చుట్టూ చేరతారు కదా! పదేళ్ళు వాళ్ళ బల్ల దగ్గర, వాళ్ళలో ఒకడిగా కూర్చుని నేర్చిన విద్య ఇది."

కొలువంతా ఆహా అంది. పళ్ళెం పట్టుకుని మూల నిలబడ్డ వంటవాడు అప్పలకొండకి మాత్రం ఒళ్ళు మండింది. కోటకి రాకముందు అతను ఓ పాదిరీగారింట్లో రొట్టెలు కాల్చేవాడు.

"కాదు మహాప్రభో, అది రొట్టెలోంచి పుట్టింది!" అనేశాడు. "పాదిరీగారే చెప్పారండి. పాతకాలపు లాటిన్లో కుమ్ అంటే కలిసి, పానిస్ అంటే రొట్టె. ఒకే రొట్టె పంచుకు తినేవాళ్ళు కుంఫిణీ. ఆ తరవాతే వర్తకమైనా, యుద్ధమైనా, కబుర్లైనా."

"గరిటె తిప్పేవాడికి లాటినా!" పంతులు పకపకా నవ్వాడు.

"రుజువేదిరా? లేదా, మూటాముల్లె సర్దుకో" అన్నారు రాజావారు.

అప్పలకొండకి పెళ్ళాంబిడ్డలు కళ్ళముందు మెదిలారు. ఒక్క పరుగున వంటింట్లోకెళ్ళి, మధ్యాహ్నం రాబోయే దొర కోసం కాల్చిన రొట్టె పట్టుకొచ్చాడు.

"పంతులుగారూ, ఆ బల్ల దగ్గర తమరికి అలవాటైన రుచే. ఓ ముక్క అందుకోండి. కల్లు పోసి పులియబెట్టాను, దూదిలా పొంగింది!"

పంతులు నాలుగడుగులు వెనక్కి గెంతాడు.

"శివశివ! కల్లు రొట్టె నేను ముట్టడమా! పదేళ్ళలో ఆ భోజనాల గది గడప తొక్కితే ఒట్టు! వరండాలో ముక్కు మూసుకుని నిలబడేవాణ్ణి!"

అప్పలకొండ చేతులు జోడించాడు.

"పదేళ్ళున్నా పంతులుగారు దొరల కుంఫిణీలో చేరలేకపోయారు ప్రభూ. అడ్డొచ్చింది కుంపటా, రొట్టా?"

కొలువు గొల్లున నవ్వింది. రాజావారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "పంతులూ, నువ్వు కోట వదలక్కర్లేదు. మా వరండా కూడా విశాలంగానే ఉంటుంది" అన్నారు.

ఆపైన రొట్టె రెండుగా తుంచారు. సగం అప్పలకొండ చేతిలో పెట్టి, అందరూ నోరు తెరిచి చూస్తుండగా మిగతా సగం తామే కొరికారు.

"కూర్చోరా దుబాసీ. ఇవాళ్టి నుంచి నాకూ ఓ కుంఫిణీ ఉంది!"